బీరువాలో ఇరుక్కున్న బొంతలు

పేరంటాల్లో వచ్చిన జాకెట్టు ముక్కలు, కట్టడం మానేసిన నూలు చీరలు, టైలరు తిరిగిచ్చిన కత్తిరింపులు... దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఏ ఇంట్లో బీరువా తలుపు తీసినా ఇవే. పారేయడానికి మనసొప్పదు. వాడదామంటే దేనికో తోచదు. కాస్త లెక్క, కాస్త ఓపిక ఉంటే ఆ పోగులోంచే చలికాలానికి సరిపడా బొంతలు బయటికొస్తాయి!

శ్రావణ శుక్రవారం సాయంత్రం. సరూర్‌నగర్‌, కొత్తపేట, చైతన్యపురి... ఏ కాలనీలోకి వెళ్ళినా పట్టుచీరల రెపరెపలే. ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి, ఆ ఇంటి నుంచి పై అంతస్తుకు. నాలుగు పేరంటాలకు వెళ్ళొచ్చేసరికి సంచిలో నాలుగు తాంబూలాలు. నానబెట్టిన శనగలు మర్నాడు తాలింపులోకి వెళ్తాయి. అరటిపండ్లు పిల్లలు తినేస్తారు. తమలపాకులు ఇంట్లో పెద్దాయనకు పనికొస్తాయి. జాకెట్టు ముక్కలు మాత్రం మడత విప్పకుండా నేరుగా బీరువాకెక్కుతాయి. అక్కడ పోయినేడాది ముక్కలు, అంతకుముందు ఏడాదివి, పక్కింటివాళ్ళ గృహప్రవేశంనాటివి ఇంకా అలాగే ఉంటాయి.

వాటి కింది అరలో అమ్మ చీరలు. మెత్తబడిపోయి, రంగు వెలిసి, కట్టడానికి పనికిరాకపోయినా ఇవ్వడానికి చేతులు రాని చీరలు. సజ్జ మీద మూటలో ఇంకొన్ని. కుట్టుమిషను డ్రాయరులో గుప్పెడు గుడ్డపీలికలు. ఇదంతా కలిపితే ఒక చిన్న బట్టల కొట్టే!

అమెరికాలో బొంతలు కుట్టే సరదా ఉన్నవాళ్ళు ఇలా పోగుపడ్డ బట్టను 'స్టాష్' అంటారు. మిగిలిన జీవితమంతా కుట్టినా తరగనంత పోగుకు సరదాగా ఇంకో పేరు కూడా పెట్టుకున్నారు- 'సేబుల్' అని. వాళ్ళు బొంత కుట్టాలనే కొని పోగేస్తారు. మన ఇళ్ళలో కథ వేరు. ఏం కుట్టాలో తెలియకుండానే పోగు పెరిగిపోతుంది.

రోడ్డు పొడవునా బట్టలే

మలక్‌పేట దాటి దిల్‌సుఖ్‌నగర్‌లో అడుగుపెట్టింది మొదలు కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ కూడలి దాకా విజయవాడ జాతీయ రహదారికి రెండువైపులా బట్టల దుకాణాలే. అంతస్తులకు అంతస్తులు చీరల షోరూములు. వాటి పక్క సందుల్లో మ్యాచింగ్ సెంటర్లు, ఫాల్-పీకో కొట్లు, లేసులూ హుక్కులూ అమ్మే దుకాణాలు, బ్లౌజులు కుట్టే టైలర్లు. చీర కొని, దానికి జాకెట్టు ముక్క వెతికి, ఫాల్ వేయించి, కొలతలిచ్చి ఇంటికి రావడానికి ఒక్క సాయంత్రం చాలు. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట-ఎల్బీనగర్ మధ్య మెట్రో మొదలయ్యాక ఈ దారి ఇంకా దగ్గరైంది. బండికి పార్కింగ్ దొరకదన్న సాకు కూడా లేకుండా పోయింది.

దీనికితోడు క్యాలెండరు. ఆషాఢంలో తగ్గింపు ధరలు. 'ఇప్పుడు కొంటే సగం ధరకే' అని ముందుచూపుతో కొన్నవి కొన్ని. ఆ వెంటనే శ్రావణంలో తాంబూలాలతో వచ్చేవి కొన్ని. తర్వాత దసరా, పెళ్ళిళ్ళ సీజను. ఇవి కాక పెట్టుబడి చీరలు, ఒడిబియ్యం చీరలు. 2017 నుంచి 2023 వరకు తెలంగాణ ప్రభుత్వం పంచిన బతుకమ్మ చీరలు కూడా ఎన్నో ఇళ్ళలో ఇంకా భద్రంగా ఉన్నాయి. ఎల్బీనగర్ దాటి అదే రహదారి మీద ఇంకొంత దూరం వెళ్తే చౌటుప్పల్ వైపు చేనేత ఊళ్ళు. పోచంపల్లి ఇక్కత్ ముక్క కంటపడితే కొనకుండా వచ్చేవాళ్ళు తక్కువే.

చీరలోనే జాకెట్టు ముక్క కలిసి రావడం మామూలైపోయాక పేరంటం ముక్కకు గిరాకీ ఇంకా తగ్గింది. అయిదున్నర మీటర్ల చీర, దాంతోపాటే 80 సెంటీమీటర్ల రవికె గుడ్డ. మరి విడిగా వచ్చిన ముక్క ఏ చీరకు కుట్టించాలి? రంగు కలవదు. కలిసినా, కుట్టుకూలి ముక్క ధరకు ఎన్నో రెట్లు. దాంతో అది అరలోనే ఉండిపోతుంది.

తిరిగే ముక్క... ఆగిపోయిన ముక్క

కొన్ని జాకెట్టు ముక్కలకు కాళ్ళుంటాయి. ఈ ఇంట్లో ఇచ్చింది ఆ ఇంటికి, అక్కడి నుంచి వదినగారింటికి, ఆమె నుంచి పక్కవీధికి... చివరికి ఏడాది తిరిగేసరికి మొదట ఇచ్చినామె చేతికే వచ్చేస్తుంది! మడత మీద పసుపు మరక చూసి గుర్తుపట్టి నవ్వుకున్నవాళ్ళు లేని కాలనీ ఉండదు. ఇందులో తప్పేమీ లేదు. ముత్తయిదువకు గుడ్డపెట్టి పంపడం ఒక గౌరవం. ఆ గౌరవమే చేతులు మారుతోంది.

చిక్కంతా ఆగిపోయిన గుడ్డతోనే. అమ్మ చివరిగా కట్టుకున్న చీర, పెద్దమ్మ కాశీ నుంచి తెచ్చిన ముక్క, పాపాయి మొదటి పట్టులంగా... వీటిని ఇంకెవరికో ఇవ్వలేం. స్టీలు సామాన్లవాడికి వేసి గిన్నె తీసుకోలేం. దాచుకుంటాం. దాచితే భద్రంగా ఉంటాయనుకుంటాం.

నిజానికి గుడ్డకూ ఆయుష్షుంటుంది. ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉన్న నూలు చీర ఆ మడత దగ్గరే చిరుగుతుంది. పట్టు అయితే పిగులుతుంది. జరీ నల్లబడుతుంది. తేమ తగిలితే బూజు మచ్చలు, వెండిచేపలు. పదిహేనేళ్ళ తర్వాత ఎంతో ఇష్టంగా తీసి విప్పితే చేతిలో చీర ఉండదు, పీలికలుంటాయి. 2020 అక్టోబరు వరదల్లో సరూర్‌నగర్ చెరువు చుట్టుపక్కల కాలనీలు నీట మునిగినప్పుడు కింది అంతస్తుల వాళ్ళకు ఈ సంగతి మరో రకంగా తెలిసొచ్చింది. ఒక్క రాత్రి బురదనీళ్ళలో నానితే కింది అరలో ఏళ్ళుగా దాచింది ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

జవాబు మన ఇంట్లోదే

ఈ చిక్కుకు మన పెద్దవాళ్ళ దగ్గర చక్కని జవాబుంది. అదే బొంత. చిరిగిన చీరలు, పంచెలు నాలుగైదు పొరలుగా పరిచి, పైన మంచి చీర వేసి, దబ్బనంతోనో పెద్ద సూదితోనో వరసలు వరసలుగా టాకాలు వేస్తే బొంత. వేసవిలో మంచం మీద పరుపు, చలికాలంలో కప్పుకునే దుప్పటి, జాతరకు వెళ్ళేటప్పుడు ఎడ్లబండిలో గడ్డి మీద పరుచుకునే మెత్త... అన్నీ అదే. పుట్టిన బిడ్డను పడుకోబెట్టేదీ దాని మీదే. పసివాళ్ళ ఒంటికి గంజిపెట్టిన కొత్త గుడ్డకన్నా ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి మెత్తబడిన పాత నూలు చీరే హాయి అన్నది ప్రతి అమ్మమ్మకూ తెలిసిన విషయం. అమెరికాలో కూతురి పురిటికి వెళ్ళే అమ్మల సూట్‌కేసుల్లో పచ్చళ్ళ పక్కన బుజ్జి బొంత కనిపించేది అందుకే.

ఇది మనకొక్కరికే తెలిసిన విద్య కాదు. మహారాష్ట్రలో గోధడి, కర్ణాటకలో కౌది, బెంగాల్‌లో కాంథా, బిహార్‌లో సుజని... పేర్లు వేరైనా పని ఒకటే. పాత గుడ్డ పొరలు, పరుగు కుట్టు. బిహార్ సుజనికి 2006లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఉత్తర కన్నడ అడవుల్లో ఉండే సిద్దీలు- ఒకప్పుడు ఆఫ్రికా నుంచి వచ్చినవారి వారసులు- చేసే కవందిలో మరో అందం ఉంది. అంచుల దగ్గర మొదలుపెట్టి చుట్టూ కుట్టుకుంటూ మధ్యకు చేరతారు. నాలుగు మూలలా గుడ్డను మడిచి 'పూలు' కుడతారు. అవి లేనిదే కవంది పూర్తయినట్టు కాదు.

సముద్రాల అవతల అమెరికాలోని అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే చిన్న పల్లె ఉంది. బానిసత్వంలో మగ్గినవారి వారసులైన నల్లజాతి మహిళలు అక్కడ చిరిగిన పనిబట్టలతో బొంతలు కుట్టేవారు- చలికి తట్టుకోవడానికే తప్ప గోడకు వేలాడదీయడానికి కాదు. 1966లో ఆ ప్రాంతపు మహిళలు ఓ సహకార సంఘం పెట్టుకున్నారు. 1972లో సియర్స్ కంపెనీ నుంచి కార్డురాయ్ దిండుగలీబులు కుట్టే పని దొరికింది. ఆ పనిలో మిగిలిన కత్తిరింపులు కూడా వాళ్ళ ఇళ్ళలో బొంతలయ్యాయి! 2002లో ఆ బొంతలు హ్యూస్టన్, న్యూయార్క్ నగరాల మ్యూజియంలకెక్కాయి. 2006లో అమెరికా తపాలాశాఖ వాటి బొమ్మలతో స్టాంపులు తెచ్చింది.

మన దగ్గర మాత్రం బొంత 'పేదింటి వస్తువు' అన్న పేరుతో వెనకబడింది. షాపులో మెత్తటి బ్లాంకెట్లు, రజాయిలు చవకగా దొరకడంతో ఇళ్ళలో కుట్టడం తగ్గింది. దబ్బనం పట్టిన తరానికి చూపు మందగించింది. చీరలున్నాయి, ముక్కలున్నాయి, నేర్పేవాళ్ళూ ఇంకా ఉన్నారు. అందుకే ఈ పని మొదలుపెట్టడానికి ఇప్పుడే అదను.

ముందు కిందకి దించండి

మొదటి పని సూదికి దారం ఎక్కించడం కాదు. ఉన్నదంతా కిందకి దించడం. ఒక ఆదివారం మధ్యాహ్నం హాల్లో దుప్పటి పరిచి బీరువా, సజ్జ, మిషను డ్రాయరు ఖాళీ చేయండి. మొత్తం ఒకేచోట చూస్తేగానీ ఎంతుందో తెలియదు. దాన్ని నాలుగు కుప్పలుగా చేయాలి.

మొదటి కుప్ప: పుట్టింటివి, పెళ్ళినాటివి... ఎట్టి పరిస్థితుల్లోనూ కత్తెర పెట్టకూడనివి. ఇవి ఎన్నో కాకుండా ఓ పెట్టెలో పట్టేలా చూసుకోవాలి.

రెండో కుప్ప: ఇంకా కట్టుకోగలిగినవి, కుట్టించుకోగలిగినవి. ఏ చీరకు ఏ ముక్కో ఇప్పుడే జత కట్టి పెట్టేస్తే సగం పని అయిపోయినట్టే.

మూడో కుప్ప: బొంతకు పనికొచ్చేవి. నూలు చీరలు, రూబియా, టూ బై టూ, పాప్లిన్ ముక్కలు, లుంగీలు, పంచెలు, పాత దుప్పట్లు.

నాలుగో కుప్ప: మనకు అక్కర్లేనివి, కానీ ఇంకొకరు వాడుకోగలిగేవి.

ఏది నూలో, ఏది పాలిస్టరో తెలియడం లేదా? అంచు నుంచి రెండు పోగులు లాగి, స్టీలు పళ్ళెం మీద పట్టుకారుతో పట్టుకుని వెలిగించి చూడండి. నూలైతే కాగితంలా కాలి మెత్తటి బూడిద మిగులుతుంది. పట్టయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. పాలిస్టరు ముడుచుకుని, కరిగి గట్టి పూసలా అవుతుంది. ఈ పని పెద్దవాళ్ళే, పిల్లలు దగ్గర లేనప్పుడే చేయాలి. పాలిస్టరు చెమట పీల్చదు కాబట్టి ఒంటికి తగిలే పొరలకు వద్దు. సంచులకు, కవర్లకు బ్రహ్మాండంగా పనికొస్తుంది.

ఇంకో పరీక్ష రంగుది. ఎరుపు, మెరూన్, ముదురు నీలం ముక్కల మీద తడిపిన తెల్లగుడ్డ పెట్టి రుద్దండి. గుడ్డకు రంగంటితే ఆ ముక్కను విడిగా ఉతకాలి. రెండు మూడు ఉతుకుల తర్వాత కూడా దిగుతూనే ఉంటే పక్కన పెట్టేయడమే మేలు. ఒక్క ముక్క మొత్తం బొంతను పాడుచేస్తుంది. రంగు దిగకపోయినా కొత్త ముక్కలన్నీ ఒకసారి నీళ్ళలో నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే కత్తిరించాలి. లేకపోతే మొదటి ఉతుక్కే కొత్తది ముడుచుకుని, పాతది అలాగే ఉండి బొంత ఉబ్బులు తేలుతుంది.

ఐదు ముక్కలు, రెండు చీరలు

లెక్క వేస్తే ఆశ్చర్యమేస్తుంది. 80 సెంటీమీటర్ల పొడవు, మీటరు పన్న ఉన్న జాకెట్టు ముక్క ఉతికాక కాస్త ముడుచుకున్నా, 19 సెంటీమీటర్ల చదరాలు 20 వస్తాయి. ఐదు ముక్కలకు 100 చదరాలు. వీటిని అడ్డంగా 8, నిలువుగా 12 చొప్పున కలిపితే 96 సరిపోతాయి. ప్రతి వైపూ ఒక సెంటీమీటరు కుట్టులోకి పోగా మిగిలేది సుమారు 136 సెంటీమీటర్ల వెడల్పు, 204 సెంటీమీటర్ల పొడవు. అంటే ఒక మనిషి హాయిగా కప్పుకునే బొంతకు పైభాగం సిద్ధం. మిగిలిన 4 చదరాలు వేడిగిన్నెలు పట్టుకునే గుడ్డకు.

అడుగుభాగానికి ఒక పాత నూలు చీర చాలు. నిలువునా కాస్త అతుకు వేస్తే వెడల్పు సరిపోతుంది. మిగిలిన దాంతో చుట్టూ అంచుపట్టీ కూడా వస్తుంది. మధ్యలోకి మరో చీర వేస్తే రెండు పొరలు. హైదరాబాద్ చలికి ఇది చాలు. ఇంకా మందం కావాలంటే ఇంకో చీర. అంతకుమించి వద్దు. నీళ్ళు పీల్చుకున్న మందపాటి బొంతను ఎత్తి దండెం మీద వేయడం ఇద్దరికి కూడా కష్టమే. వాషింగ్ మిషనులోనూ తిరగదు.

అంటే బీరువాలో 30 ముక్కలుంటే ఆరు బొంతలకు పైభాగాలున్నట్టే! చదరాలు కత్తిరించే ఓపిక లేకపోతే ఇంకా తేలిక మార్గముంది. అయిదున్నర మీటర్ల చీరను అడ్డంగా రెండు సగాలు చేసి, పక్కపక్కన పెట్టి కలిపి కుడితే డబుల్ కాట్ బొంతకు ఒక పొర వస్తుంది. అలాంటివి మూడు చాలు. కొంగు కనిపించేలా ఒకవైపు, అంచు కనిపించేలా మరోవైపు అమరిస్తే ఆ చీర ఎవరిదో ఇంట్లో అందరికీ గుర్తుంటుంది.

ఇలా కుట్టండి

చదరాలను ముందు నేల మీద పరిచి చూసుకోవాలి. లేతరంగు పక్కన ముదురు రంగు వచ్చేలా చదరంగం బల్లలా పేరిస్తే ఏ ముక్కలైనా కలిసిపోతాయి. నచ్చాక ఫోన్లో ఫొటో తీసి పెట్టుకుంటే తర్వాత తికమక ఉండదు. ముందు అడ్డవరసలు, ఆ తర్వాత వరసకు వరస కలపాలి. మిషను మీదైతే రెండు మూడు సాయంత్రాల పని. హుక్కులు, జరీ అంచులు, ఫాల్ గుడ్డ ముందే తీసేయాలి. జరీ ఒంటికి గీసుకుంటుంది, సూది విరుగుతుంది.

నేల మీద అడుగు చీరను తిరగేసి పరిచి, దాని మీద మధ్యపొరలు, ఆపైన చదరాల పొర వేసి ముడతలు లేకుండా సర్దాలి. మూలల్లో బరువులు పెట్టాలి. మధ్య నుంచి బయటికి పెద్ద పెద్ద టాకాలు వేసుకుంటూ వస్తే పొరలు జారవు. ఆ తర్వాత అసలు కుట్టు. రెండు వేళ్ళ ఎడంతో వరసలు. చేత్తో అయితే గట్టి నూలుదారం వాడాలి. మరీ బిగించి లాగితే బొంత ముడుచుకుపోతుంది. వదులుగా వేస్తే కాలివేళ్ళకు తగులుకుంటుంది. కుట్టు ఏమాత్రం వంకరపోయినా దిగులు పడక్కర్లేదు. ఉతికాక మెత్తబడి, ఆ వంకర్లన్నీ అందులో కలిసిపోతాయి. చివరగా అంచుపట్టీ వేసి, మొదటి టాకాలు విప్పేస్తే సరి.

మొదటిసారే పెద్ద బొంత జోలికి వెళ్ళకుండా పసిపిల్లల బొంతతో మొదలుపెడితే చేయి తిరుగుతుంది. మీటరు పొడవు, అంతే వెడల్పు. రెండు జాకెట్టు ముక్కలు, ఒక చీర చాలు.

ముక్క మరీ చిన్నదైతే...

చదరానికి కూడా సరిపోని పీలికలకూ పనుంది. 

పొడుగ్గా చీల్చిన పీలికలను జడలా అల్లి, ఆ జడను గుండ్రంగా చుట్టుకుంటూ కుడితే కాళ్ళు తుడుచుకునే పట్టా తయారు. పాలిస్టరు చీరలకు ఇదే మంచి దారి.

పాలిస్టరు చీరను రెండు పొరలుగా వేసి కూరగాయల సంచులు కుట్టొచ్చు. మడిస్తే హ్యాండ్‌బ్యాగులో పడుతుంది. వచ్చే పేరంటానికి తాంబూలం సంచిగా కూడా ఇవ్వొచ్చు.

చిన్నచిన్న త్రికోణాలను వరసగా దారానికి కుడితే పిల్లల పుట్టినరోజుకు తోరణం. ఏటా వాడుకోవచ్చు.

మరీ పీలికలైతే శుభ్రంగా ఉతికి, ఎండబెట్టి, దిండుకో పిల్లల బొమ్మకో కూరొచ్చు.

జరీ అంచులను వృథా చేయకండి. పూజగదికి తెర, పీట మీద వేసే గుడ్డ, రాఖీలు... అన్నిటికీ అవే అలంకారం.

కుట్టే చేతులున్నాయి

ఉద్యోగాలు, పిల్లల చదువులు, గంటల కొద్దీ ట్రాఫిక్కు... ఇంత కుట్టే తీరికెక్కడిది అనేవాళ్ళకూ దారుంది. నగరంలో కొన్నిచోట్ల రోడ్డు పక్కన చెట్టునీడలో చీరలు పరిచి బొంతలు కుట్టేవాళ్ళు కనిపిస్తారు. కాలనీల్లో ఇంటి దగ్గరే మిషను పెట్టుకున్న మహిళలు చాలామందే ఉన్నారు. బ్లౌజుల గిరాకీ తగ్గే నెలల్లో వాళ్ళకు ఈ పని ఆసరా అవుతుంది. సైజు ఎంత, పొరలెన్ని, కుట్టు చేత్తోనా మిషనుతోనా, దారం ఎవరిది అన్నవి ముందే మాట్లాడుకుంటే ఇద్దరికీ ఇబ్బంది ఉండదు. ఒక్కమాట... 'పాత చీరలేగా, ఎంతో కొంత తీసుకో' అని బేరమాడటం న్యాయం కాదు. గుడ్డ పాతదే కానీ రోజుల తరబడి నేల మీద వంగి కుట్టే నడుము నొప్పి కొత్తదే. షోరూములో రజాయికి అడిగినంత ఇచ్చే చేయి ఇక్కడ ఎందుకు వెనకాడాలి?

దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల హాస్టళ్ళలో జిల్లాల నుంచి కోచింగుకు వచ్చిన పిల్లలు వేల మంది. ఎవరింటి పిల్లలైనా సరే, పలుచటి హాస్టలు పరుపు మీద పరుచుకోవడానికి అమ్మ చీరతో కుట్టిన బొంత దొరికితే ఆ నిద్రే వేరు.

ఇక నాలుగో కుప్ప సంగతి. బట్టల దానం తీసుకునే సంస్థ గూంజ్. అంశు గుప్తా 1999లో దీన్ని మొదలుపెట్టారు. 2015లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం దక్కింది. కట్టుకోగలిగిన బట్టలు పల్లెలకు పంపడమే కాదు, పనికిరావనుకున్న గుడ్డతో సుజని పరుపులు, నూలు గుడ్డతో మహిళలకు శానిటరీ ప్యాడ్లు కూడా ఇక్కడ తయారవుతాయి. ఎవరికిచ్చినా ఒకటే నియమం... ఉతికి, ఆరబెట్టి, మడిచి ఇవ్వాలి. మనం చేత్తో ముట్టుకోవడానికి ఇష్టపడని గుడ్డను ఇంకొకరికి ఇవ్వకూడదు. చెత్తబుట్టలో వేస్తే చివరికి అది చేరేది చెత్త గుట్టల్లోకే. నూలు ఎప్పటికో మట్టిలో కలుస్తుంది. పాలిస్టరు దశాబ్దాలు గడిచినా అలాగే ఉంటుంది.

మిగిలింది దాచుకునేదెలా?

* ప్లాస్టిక్ కవర్లలో బిగించి పెట్టొద్దు. లోపల తేమ చేరి బూజు పడుతుంది. ఉతికిన నూలు సంచులు, పాత దిండుగలీబులు మేలు.

* బట్ట పూర్తిగా ఆరాకే లోపల పెట్టాలి. వానాకాలంలో ఉతికినవాటిని ఇస్త్రీ చేసి, వేడి తగ్గాక సర్దాలి.

* ఏడాదికి రెండుసార్లయినా తీసి, నీడలో గాలికి ఆరేసి, మడత మార్చి పెట్టాలి. పట్టుచీరలకు ఇది తప్పనిసరి.

* కలరా ఉండలు జరీకి, పట్టుకు నేరుగా తగలకూడదు. గుడ్డలో మూటకట్టి మూలన పెట్టాలి. ఎండిన వేపాకు కూడా వాడొచ్చు.

* ముక్కలను ఒకదాని మీద ఒకటి పేర్చకుండా పుస్తకాల్లా నిలబెట్టి సర్దితే ఏం ఉందో ఒక్క చూపులో తెలుస్తుంది. కనిపించనిదే మళ్ళీ కొంటాం.

* నీళ్ళు వచ్చే కాలనీల్లో ఉన్నవాళ్ళు కింది అరలో బట్టలు పెట్టకపోవడమే మంచిది.

ఎక్కడో ఆపాలిగా!

ఒకవైపు కుడుతూ, మరోవైపు కొంటూ పోతే పోగు ఎప్పటికీ తరగదు. కాబట్టి ఒక హద్దు పెట్టుకోవాలి. ఒక పెట్టె లేదా ఒక అర. అది నిండితే కొత్తది లోపలికి వెళ్ళేముందు పాతది ఒకటి బయటికి రావాలి. ఆషాఢం అమ్మకాలకు వెళ్ళేముందు అర ఫొటో తీసుకుని వెళ్తే 'ఈ రంగు మన దగ్గర లేదు' అన్న భ్రమ ఉండదు.

పేరంటానికి పిలిచేవాళ్ళు కూడా ఆలోచించొచ్చు. ఇవ్వాల్సింది గుడ్డే అయితే, వచ్చినామె వాడుకునే గుడ్డ ఇస్తే బాగుంటుంది కదా! మంచి నూలు ముక్క, చేతిరుమాలు, చిన్న తువ్వాలు, ఇంట్లో కుట్టిన సంచి... ఆచారం ఆచారంగానే ఉంటుంది, వస్తువు బీరువాలో మగ్గదు. వరుసకు నలుగురు తోడికోడళ్ళో, ఒకే అపార్ట్‌మెంటులోని అయిదారుగురు ఇల్లాళ్ళో కలిసి ముక్కలు మార్చుకున్నా మేలే. ఒకరికి అక్కర్లేని ఎరుపు ఇంకొకరి బొంతలో సరిగ్గా ఖాళీగా ఉన్న చదరం కావచ్చు. పైగా నలుగురు కూర్చుని కుడితే మూడురోజుల పని ఒక్క మధ్యాహ్నంలో తెములుతుంది. పెద్దవాళ్ళు టాకాలు చూపిస్తారు, పిల్లలు సూదికి దారం ఎక్కిస్తారు.

అమ్మ చీరకు కత్తెర పెట్టడానికి ఎవరికైనా చేయి వణుకుతుంది. కానీ అరలో మడతపెట్టిన చీరను ఏడాదికోసారి చూస్తాం. అదే బొంతైతే రోజూ కప్పుకుంటాం. అమ్మమ్మను ఎన్నడూ చూడని మనవడు కూడా ఆమె కొంగులోనే ముఖం దాచుకుని నిద్రపోతాడు. గుడ్డ ఎలాగూ చిరుగుతుంది. అరలో మడతలోనే చిరగడం కంటే, పిల్లల ఒంటి మీద అరిగి చిరగడమే దానికి దక్కే మర్యాద!